తాళ్ళకొట్ల సందు మొగుడు

మంగళవారమొస్తే తాళ్ళకొట్ల సందులో ఆడోళ్ళు పెందరాళే లేచి మొగుణ్ణి లేపేవాళ్ళు. మొగుడంటే ఒకడే. సందుకంతా ఒకడే.

జార్జిటౌనులో హార్బరుకి దగ్గిరగా ఉండే ఆ సందులో పగలు తాళ్ళ వ్యాపారం, దీపాలు పెట్టినాక ఆడోళ్ళ వ్యాపారం. పగలు ఆ గుమ్మాల ముందు ముక్కు మూసుకుని పోయే పెద్దమనుషులే చీకటి పడితే చెప్పులు చేతబట్టుకుని లోపలికొచ్చేవాళ్ళు. మంగళవారం మాత్రం ఆ ఆడోళ్ళు జడల్లో పూలు తీసేసి, నూలు చీరలు కట్టుకుని పెద్దాసుపత్రికి పోయేవాళ్ళు. ముందు కోదండరాం, చంకలో గొడుగు పెట్టుకుని. వెనకాల వీళ్ళు. చూసేవాళ్ళకి సంసారుల గుంపే.

ఆ కోదండరాం ఎట్ట వచ్చినాడో చెప్పాల. ఈ కథ జరిగేదానికి రెండేండ్ల ముందు అలివేలుమంగ అనే పిల్లకి మూడో నెలలో కడుపు నిలవక రక్తం పోతా ఉండింది. ఆసుపత్రికి మోసుకుపోతే చీట్లు రాసే గుమాస్తా రంగసామి తలెత్తకుండా అడిగినాడు, "పురుషన్ పేరు?"

మొగుడు లేడన్నారు.

"అట్టయితే సంతకం ఎవరు పెడతారు? సంతకం లేకుండా లోపలికి పంపేదానికి లేదు."

వరండాలో కూర్చోబెట్టినారు. మధ్యాహ్నానికి ఆ పిల్ల ప్రాణం పోయింది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండతాది. అదే ఆసుపత్రిలో, ఆ సందు ఆడోళ్ళకి సుఖరోగముందేమో అని రక్తం తీసి చూసేదానికి ఏ మొగుడి సంతకమూ ఎవరూ అడగలా. ఎందుకడగతారు? అది మొగోళ్ళకి అంటుకుంటుందే! వాళ్ళ ఆరోగ్యం ముఖ్యం కదా సర్కారుకి.

తరవాతి వారం, సందులో అందరికన్నా పెద్దదైన గోవిందమ్మ చీట్ల కిటికీ దగ్గిర నిలబడి, "పురుషన్ పేరు?" అనగానే నోటికొచ్చిన పేరు చెప్పేసింది. "కోదండరాం." పోయి పోయి ఏకపత్నీవ్రతుడి పేరు! ఆమె వెనకున్న వాళ్ళూ అదే చెప్పినారు. వారం వారం అట్టా చెప్పగా చెప్పగా, ఒకనాటి పొద్దున సందు కొళాయి దగ్గిర తెల్ల చొక్కా, పంచె, జేబులో పెన్నుతో ఒక మనిషి నిలబడి ఉండాడు.

"సంతకానికి రమ్మన్నారంట కదా," అన్నాడు.

"రా నాయనా, కాఫీ తాగి పోదాం," అంది గోవిందమ్మ.

అంతే. ఎవరూ వింతపడలా. ఒక మనిషికి ఇంతమంది పెండ్లాలేంది అని రంగసామీ అడగలా. సంతకం చోట సంతకముంటే ఆయనకి చాలు.

కోదండరాం కాన్పులకి సంతకం పెట్టినాడు, కడుపు కడిగేదానికి పెట్టినాడు, కడుపు రాకుండా వేసే లూపుకి పెట్టినాడు. ప్రాణాలు నిలిచినాయి, కాదనను. కానీ మొగుడూ మొగుడూ అని అంతమంది పిలస్తా ఉంటే మనిషికి మొగుడితనం రాకుండా పోతాదా? మొదట కాఫీలో చక్కెర చాలదన్నాడు. తరవాత చేపలపులుసు లేందే ముద్ద దిగదన్నాడు. పక్క సందుకి పోయొచ్చినా "యాడికి పొయినావు?" అనడం మొదలుపెట్టినాడు. గోవిందమ్మ మాత్రం నవ్వుకుంటా ఆయన చొక్కాలకి గంజి పెట్టేది. ఆమె పుట్టి బుద్ధెరిగినాక ఆమె వచ్చేదాకా గుమ్మంలో కాచుకుని కూర్చున్న మొగోడు ఆయనొక్కడే.

అట్టా ఉండగా సీతాలక్ష్మికి నెల తప్పింది. నాలుగేండ్ల ముందు కూతురు పుట్టేటప్పుడే ఆమె గర్భసంచి చిరిగి చావు దాకా పోయొచ్చింది. ఇంకో కాన్పంటే తల్లి మిగలదని అప్పుడే డాక్టర్లు చెప్పినారు. కడుపు తీయించుకునేదానికి కోదండరాంని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయింది. రంగసామి కాగితం ముందుకి తోసినాడు. కోదండరాం దాన్ని చదివినాడు. అంతకు ముందెప్పుడూ చదివిన పాపాన పోలేదు. పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు కొడుకు కావాల," అన్నాడు.

సీతాలక్ష్మి ఆయన మీదికి తిరిగింది. "నీకు కొడుకేందిరా? నిన్నే మేము నోటితో కన్నాము."

"మొగుణ్ణి పట్టుకుని రా అంటావా?"

"నా ప్రాణం పోతుందని డాక్టర్లు చెప్పినారు."

"లోకంలో ఆడోళ్ళంతా కనడం లా? దేవుడుండాడు."

రంగసామి కాగితం వెనక్కి లాక్కున్నాడు. "పురుషన్ ఒద్దంటా ఉండాడు కదమ్మా. ఇంక నేనేం చేసేది?"

చూడండి అన్యాయం! కడుపు చేసినోడు ఎవడో, యాడుండాడో. మోసేది ఆమె, చచ్చేది ఆమె. ఒద్దనేదానికి మాత్రం ఒక మొగోడుండాల. లేకపోతే గాలిలోంచైనా పుట్టుకొచ్చి ఒద్దంటాడు.

ఇంటికొచ్చినాక గోవిందమ్మ ఉపాయం చెప్పింది. "చచ్చిపొయినాడని చెప్పేస్తే పోలా?"

"చచ్చినాడంటే తమ్ముడి సంతకం తెమ్మంటారక్కా. మళ్ళీ ఒక మరిదిని కనాలా మనం?" అంది సీతాలక్ష్మి. "మూడో నెల దాటితే కడుపు తియ్యరంట. నేను పోతే నా బిడ్డ రేపు ఇదే గడపలో నిలబడాల."

"ఏం చేద్దామంటావు మరి?"

"మొగుడు లేడంటాను. మీరందరూ అనాల. ఒక్కరు ఉండాడన్నా వాడు ఉంటాడు."

గోవిందమ్మ గంజి గిన్నె కడుక్కోను లేచిపోయింది.

మళ్ళీ మంగళవారం. కిటికీ దగ్గిర సీతాలక్ష్మి ముందు నిలబడింది.

"పురుషన్ పేరు?"

"లేడు."

"అదో, బెంచీ మీద కూర్చోనుండాడే!"

సీతాలక్ష్మి తిరిగి చూసింది. "ఆయనెవరో నాకు తెలీదు."

వెనకున్న తంగమ్మ "నాకూ తెలీదు" అంది. ఆమె వెనకామె కూడా అంది. ఒక్కొక్కరూ అనేకొద్దీ కోదండరాం పలచబడతా వచ్చినాడు. ఆయన వెనక గోడకి అతికించిన కుటుంబ నియంత్రణ బొమ్మ ఆయనలోంచి కనబడింది. చివరికి గోవిందమ్మ మిగిలింది.

"ఏమే," అన్నాడు కోదండరాం సన్నటి గొంతుతో. "చక్కెర లేకుండానే తాగతాలే."

గోవిందమ్మకి కండ్లనిండా నీళ్ళు తిరిగినాయి. సీతాలక్ష్మి మొహం చూసింది. చీరకొంగుతో కండ్లు తుడుచుకుంది.

"ఈయన నాకేమీ కాడు సామీ," అంది.

బెంచీ ఖాళీ అయింది. నిలబడలేక నిలబడి ఉన్న నిండు చూలాలొకామె పోయి ఆ జాగాలో కూర్చుంది.

"అయితే సంతకం ఎవరు పెట్టేది?" అని రంగసామి అరిచిన అరుపుకి జయంతి డాక్టరమ్మ బయటికొచ్చింది. ఆమె ఆ ఆసుపత్రికి వచ్చి ఏడాదే అయింది.

"ఎవరికి తియ్యాల?"

"నాకమ్మా," అంది సీతాలక్ష్మి.

"నీకు ఇష్టమేనా?"

"నేనే అడగతా ఉండాను."

"అయితే నువ్వే సంతకం పెట్టు. కడుపు తీసేదానికి చట్టం అడిగేది నీ సంతకమే."

"ఎప్పట్నుంచి?" అంది గోవిందమ్మ.

"చట్టం వచ్చినప్పట్నుంచీ. ఏడేండ్లయింది."

"మరి మొగుడి సంతకం?"

డాక్టరమ్మ రంగసామి వైపు చూసింది. "ఈడ మొదట్నించీ అదే వాడుక మేడం," అని ఆయన నసిగినాడు.

"నా దగ్గిరికి కాగితాలు ఆ సంతకంతోనే వస్తాయి. ఎందుకని నేనూ ఎప్పుడూ అడగలేదు," అంది డాక్టరమ్మ.

"వాడుకా?" గోవిందమ్మ గొంతు వరండా అంతా వినబడింది. "మీ వాడుక మీద మన్ను పొయ్య! ఈడే, మా చేతుల్లోనే ఒక పిల్ల చచ్చిందే! అక్కరలేని సంతకం కోసరం మేము ఒక మొగోణ్ణి పుట్టించి, వాడికి ఒండి పెట్టి, వాడి చేత మాటలు పడి..." డాక్టరమ్మ తల దించుకుంది.

సీతాలక్ష్మి డాక్టరమ్మ పెన్ను తీసుకుని తెలుగులో తన పేరు రాసింది, నిదానంగా, గుణింతం తప్పకుండా. లోపలికి తీసుకుపోయినారు.

రెండు రోజులయినాక డిశ్చార్జి చీట్లు పట్టుకుని రంగసామి వార్డులోకి వచ్చినాడు. అలవాటు యాడికి పోతాది? "కోదండరాం పెండ్లాం ఎవరు?" అని కేకేసినాడు. ఎవరూ పలకలా. మళ్ళీ కేకేసినాడు. సీతాలక్ష్మి మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటా ఆయన్నే చూస్తా ఉంది. రంగసామి చీటీని కండ్ల దగ్గిరగా పెట్టుకుని చదివినాడు.

"సీతాలక్ష్మి?"

"ఈడ ఉండాను," అంది సీతాలక్ష్మి.