జగన్నాథరావు గారు అడిగిన వాక్యం

1889 వేసవిలో రామచంద్రపురం దగ్గర మా మాలపేట మిషను బడికి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు గారు పరీక్షకు వచ్చారు. పరీక్ష పిల్లలకు కాదు, నాకు. ఆశీర్వాదం అనే నేను యోగ్యుణ్ణని ఆయన రాసిస్తేనే నాకు మేస్టరు పని, పేటకు బడి. లేకపోతే మళ్ళీ కామందు పొలంలో పాలేరుతనమే.

ఆయన బళ్ళోకి రారు. బాట మీద కుర్చీ వేయించుకుంటారు. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. బంట్రోతు సత్తియ్య గుప్పెడు దుమ్ము పైకి విసిరి, గాలి ఎటు పోతోందో చూసి, మా ఊపిరి ఆయనకు తగలని చోట వేస్తాడు. నన్నూ పిల్లలనూ పది బారల అవతల నిలబెడతాడు. అంత చదువుకున్న మనిషికి ఈ దుమ్ము విసిరించడం సిగ్గనిపించలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

లెక్కలు అడిగారు, చెప్పాను. భూగోళం అడిగారు, చెప్పాను. తప్పు దొరక్క ఆయన ముఖం మాడిపోయింది. మధ్యాహ్నం దాటాక వాచకం మూసేసి, అందులో లేని ఇంగ్లీషు మాట ఎత్తుకున్నారు.

"వాఫ్ట్ అంటే ఏంటి?"

ఆ మాట మిషను దొరసాని గారి దగ్గర నేర్చుకున్నాను. "గాలి మీదో నీటి మీదో మెల్లగా తేలుతూ రావడమండి. వాసనకీ, పొగకీ, పాటకీ వాడతారండి."

"కొట్టుకురావడం అనకూడదా?"

"అనకూడదండి. వరదలో దుంగ కొట్టుకొస్తుంది, దానికి జోరుంటుంది. దీనికి జోరుండదు. వచ్చి తగిలేదాకా తెలియదండి."

"ఓహో, నాకే పాఠం చెబుతున్నావే! ఏదీ, వాక్యంలో వాడు."

మల్లెపూల మీద ఒక వాక్యం అల్లితే సరిపోయేది. అది నా నోట్లో సిద్ధంగానే ఉంది కూడా. కానీ అప్పటికే గాలి మళ్ళింది. మా వైపు వేసవిలో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి తిరుగుతుంది. పరీక్ష అంతసేపు సాగుతుందని సత్తియ్య అనుకోలేదు. ఇప్పుడు నా వీపు మీంచి, పిల్లల తలల మీంచి వచ్చి, ఆ గాలి ఆయన ఉత్తరీయాన్ని ఊపుతోంది.

ఇంగ్లీషులోనే, నిదానంగా చెప్పాను. "మా మాలపేట పిల్లల ఊపిరి గంట నుంచీ మెల్లగా తేలుతూ తమరి ముక్కులోకి పోతోంది."

"కరెక్ట్," అన్నారాయన, అలవాటు కొద్దీ. ఆ తర్వాత అర్థమైంది. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఒరేయ్! చెంపలేసుకుని వేరే వాక్యం చెప్పు. లేకపోతే ఈ పూటతో నీ బడి ఆఖరు."

 నా నోరు ఊరుకోలేదు. "వాక్యంలో తప్పుంటే సెలవియ్యండి, దిద్దుకుంటాను."

తప్పు లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. 'అయోగ్యుడు' అని రాసి, కాగితాన్ని సత్తియ్య చేత నేల మీద వేయించారు. వంగి తీసుకున్నాను.

వారం తిరక్కుండా పాలేరుగా కుదిరాను. బడికి తాళం పడింది. ఇది జరిగి పదేళ్ళయింది. ప్రతి ఆదివారం చర్చిలో పాస్టరు గారు శత్రువుల కోసం ప్రార్థన చెయ్యమంటారు. నన్ను కొట్టినవాళ్ళ పేర్లూ, తిట్టినవాళ్ళ పేర్లూ ఒక్కటీ విడవకుండా దేవుడికి చెబుతాను. జగన్నాథరావు గారి పేరు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.