పందులు తవ్విన గుంతల్లో

జేసీబీ బకెట్ పైకి లేచింది. మొదటి పామాయిల్ చెట్టు మొదట్లో దిగబోతుండగా సంగీత పరుగెత్తుకొచ్చి అడ్డంగా నిలబడింది.

"షుకూర్ భాయ్, ఆపు!"

షుకూర్ ఇంజన్ ఆపేశాడు. "నన్నేం తిట్టకు చెల్లె. మీ నాయినే రమ్మన్నడు."

నిజమే. సత్తుపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ తండాలో సంగీత తండ్రి రెడ్యా మాటంటే మాట. అతని తోటలో కొన్ని చెట్లకు గెలలు వికారంగా వచ్చాయి. ప్రతి కాయ చుట్టూ కొమ్ముల్లాంటి పిలకలు, పిండితే నూనె లేదు. ఆ తర్వాత పక్క తోటలో జైరాంకూ మూడు చెట్లు అట్లాగే కాశాయి. అంటురోగమని తండా హడలిపోయింది, రెడ్యా తోట పీకాల్సిందేనని జైరాం పట్టుబట్టాడు. ఊరందరి తోటలూ పోకముందే తన చెట్లన్నీ పీకేస్తానని రెడ్యా పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నాడు. ఇప్పుడు చెట్లవైపు వీపు పెట్టి గట్టుమీద కూర్చున్నాడు.

"నాయినా, ల్యాబు రిపోర్టు వచ్చింది. రోగం కాదు!"

రెడ్యా తిరగలేదు. జైరాం ముందుకొచ్చాడు.

"రోగం కాకపోతే ఏంది? చెట్టుకు కొమ్ములు మొలుస్తయా?"

సంగీత హైదరాబాద్‌లో మొక్కల జన్యువుల మీద పరిశోధన చేస్తోంది. రెండు తోటల ఆకులూ తీసుకెళ్లింది తనే. ఊపిరి పీల్చుకుని చెప్పింది.

"కాకా, కణం లోపల డీఎన్‌ఏ దారం మడతలు మడతలుగా ఉంటది. ఏ మడత విప్పాలె, ఏది మూసి ఉంచాలె, దాన్నిబట్టే కాయ కాయలెక్క అయితది. ఎన్నడో ఆ దారంలకెల్లే ఒక తునక దూకొచ్చి, కాయను మలిచే జన్యువు నడుమ ఇరుక్కున్నది. చెట్టు దానికి తాళమేసి పండబెట్టింది. మా మొక్కలు గింజలకెల్లి వచ్చినయి కావు, ఒక్క చెట్టు ముక్కలకెల్లి ల్యాబుల సీసాలల్ల పెంచినయి. గట్ల పెంచేటప్పుడు కొన్నిటికి తాళం ఊడింది. తునక లేచి ఆ జన్యువు పనిని చెడగొట్టింది. గంతే."

"దూకే తునక అంటున్నవ్. నా తోటల దూకలేదా మరి?"

"దూకినా ఆ కణంలనే. చెట్టు దాటి పోదు."

"పోకపోతే నా మూడు చెట్లకు ఎట్లొచ్చింది?" జైరాం గుంపువైపు తిరిగి చేతులు తిప్పాడు. "చెప్పమను! చదువుకున్నది గదా!"

గుంపు గొణిగింది. షుకూర్ మళ్లీ తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"అదే నేను అడుగుతున్న కాకా. నీ తోటంత గింజ మొక్కలు. ఆ మూడు మాత్రం కావు. మా చెట్లూ అవీ అచ్చం ఒక్కటే, కవలల కన్నా దగ్గర. యాడికెల్లి తెచ్చినవ్?"

జైరాం గుంపులోకి జారుకోబోయాడు. వెనకాల అతని భార్య బాలి ఫక్కున నవ్వింది.

"చెప్పవేందయ్యా? అడవిపందులు నీ మొక్కలు తవ్విపోతే, రెడ్యా బావ గట్టు మీద మిగిలిన మొక్కలు గప్‌చుప్‌గ ఎత్తుకొచ్చి ఆ గుంతల్ల పెట్టలే?"

"ఏయ్! నోర్మూయ్!"

"నేనెందుకు మూస్త? బుట్ట మోసింది నేనే గద!"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమనుషులు కూడా ఆపుకోలేకపోయారు. రోగం దూకలేదు. జైరామే మోసుకొచ్చాడు.

రెడ్యా లేచాడు. దగ్గరున్న చెట్టును అరచేత్తో ఒకసారి తట్టాడు.

"నా చెట్లు ఉంటయా బిడ్డా?"

"చెడ్డయి కొన్నే నాయినా. అవి తీసేద్దాం. మిగిలినయన్నీ మంచిగున్నయి."

రెడ్యా కండువాతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. తల దించుకున్న జైరాం దగ్గరికి నడిచాడు.

"అడిగితే ఇయ్యనా తమ్మీ? నా మొక్క ఎత్తుకపోయి, నా తోటే పీకమంటివి!"

"తప్పయింది అన్నా."

"నేను పోవాల్నా, ఉండాల్నా?" పైనుంచి షుకూర్ అరిచాడు.

రెడ్యా అడవివైపు చూశాడు.

"ఉండు భాయ్. వచ్చిన బండి ఊరికే ఎందుకు పోవాలె? ఇద్దరి తోటల చుట్టూ కందకం తవ్వు. పందులు రాకుంటే ఈ తమ్ముడు మళ్లీ దొంగ కాడు."

ఇంజన్ మోగింది. బకెట్ చెట్లను వదిలి గట్టువైపు తిరిగింది.