గుడ్డ పట్టిన చెయ్యి

లెక్కల టీచరు చేసిన తప్పుకు పది నిమిషాలు పట్టింది. తడిగుడ్డతో బల్ల తుడిచింది, అంతే.

ఆ బల్ల మీదే ఆమె భర్త ఎనిమిది వారాలపాటు ఏడో తరగతి పిల్లల చేత యానిమేషన్ సినిమా తీయించారు. పిల్లలకు ఆయన బొమ్మల మాస్టారు. మట్టి నత్త ఒకటి పన్నెండు అట్టమెట్లు ఎక్కాలి. దాన్ని నువ్వుగింజంత జరపడం, ఫోటో తీయడం, మళ్ళీ జరపడం. సెకను సినిమాకు పన్నెండు ఫోటోలు. నలభై సెకన్లు పూర్తయ్యేసరికి నత్త ఏడో మెట్టు మీద ఉంది. ఆ ఆదివారం మాస్టారు పోయారు.

నెల తిరిగాక, మిగిలింది తాను తీయిస్తానని ఆమె హెడ్మిస్ట్రెస్‌తో చెప్పింది. పిల్లలు వచ్చేలోగా గది సర్దింది. బల్ల నిండా దుమ్ము, సుద్దగీతలు. ఇంట్లోనూ అంతే, ఆయన ఎక్కడపడితే అక్కడ గీసేవారు, ఆమె తుడిచేది. తుడిచింది. మెట్లను గోడవారకు చేర్చి, నత్తను సొరుగులో పెట్టింది.

పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు.

"టీచర్, గీతలేవి?" అంది గుండుసూది. సన్నగా ఉండి గుచ్చినట్టు మాట్లాడే ఆ పిల్లకు మాస్టారు పెట్టిన పేరది.

"ఏ గీతలే?"

"కెమెరా కాళ్ళకి, మెట్లకి సార్ పెట్టిన గుర్తులు. అవి లేకుండా తీస్తే పాతదానికి కొత్తది అతకదు. నత్త గెంతినట్టుంటుంది."

"అయితే మొదట్నుంచి తీద్దాం," అన్నాడొకడు.

"మరి సార్ తీయించినవి పారేస్తామా?" అంది గుండుసూది.

నాలుగువందల ఎనభై ఫోటోలు. ఆ లెక్క వేయడానికి ఆమెకు క్షణం పట్టలేదు.

"తప్పు నాదేరా."

గుండుసూది ఆమె చేతిలోని గుడ్డనే చూస్తోంది. "ఎలా తుడిచారు టీచర్?"

"ఎలా ఏమిటే? అందరిలాగే."

"ఇంకోసారి తుడవండి. నత్తకన్నా మెల్లిగా. దాన్నీ ఫోటోలు తీసి సినిమాలో కలుపుతాం. ఆ గుడ్డ తెరంతా కప్పేస్తుంది. తీసేసరికి నత్త కింద ఉంటుంది. మెట్లు కాస్త పక్కకి జరిగినా ఫరవాలేదు, తుడిచారు కదా!"

రెండు రోజులు టీచరు చెయ్యి బొమ్మయింది. గింజంత జరపడం, ఆగడం.

"కదులుతున్నారు టీచర్!"

"చెయ్యి లాగేస్తోందే తల్లీ."

"కదలకుండా కూర్చోమని రోజూ మాకు చెప్తారుగా. ఇప్పుడు తెలిసిందా?"

ఆమె నవ్వింది. నెల రోజుల్లో అదే మొదటిసారి. ఆ ఫోటో పాడైంది, మళ్ళీ తీశారు. తర్వాత నత్తను అడుగునుంచి పైదాకా ఎక్కించడానికి పద్నాలుగు వారాలు పట్టింది.

తల్లిదండ్రులను పిలిచిన రోజు హాలు కిక్కిరిసింది. నత్త ఆపసోపాలు పడుతూ ఏడో మెట్టెక్కింది. పెద్ద చెయ్యి వచ్చి గుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది. నత్త నేలమీద ఉంది. హాలంతా గొల్లున నవ్వింది. నత్త కొమ్ములెత్తి పైకి చూసి, మొదటి మెట్టు మీదికి పాకింది. నవ్వులు సద్దుమణిగాయి. పన్నెండో మెట్టు దగ్గర ఎవరో లేచి నిలబడ్డారు, వెనకే అందరూ.

హెడ్మిస్ట్రెస్ పక్కకు వంగింది. "ఆ చెయ్యి ఎవరిదండీ?"

"నాది," అంది లెక్కల టీచరు, హాజరు పిలిచే గొంతుతో, నాలుగు వరుసలకు వినపడేలా. "అంతకుముందు ఏడు మెట్లూ మా ఆయన ఎక్కించినవి."

"తర్వాత పన్నెండూ మావి," అంది వెనకనుంచి గుండుసూది.