సత్తిరాజు మొలతాడు

నేను ఒక మొలతాడును. నవ్వకండి. మీలో సగం మంది నడుముకి నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, చొక్కా కింద కనబడదు కాబట్టి నా పేరెత్తితే మీకు సిగ్గు. నల్ల నూలు పోగులు పేని, పురి ఎక్కించి, కర్రకి గుత్తులుగా వేలాడదీసి అంబాజీపేట సంతలో ఒక ముసలమ్మ అమ్మింది. నా పుట్టుక ఇంతే. నాకు వెండి లేదు, తాయెత్తు లేదు, మహిమ అసలే లేదు. ఆ చివరి సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు, కానీ చెబితే వినేదెవరు?

నన్ను కొన్నది భూలక్ష్మి. ఆమె భర్త పెచ్చెట్టి సత్తిరాజు కొబ్బరి కొట్టులో కాయలు ఒలిచే మనిషి. ఏటా ఉగాది ముందురోజు అతనికి కొత్త తాడు కట్టి, ఆ తర్వాతే పాతది కిందికి జార్చి తీస్తుంది. నడుము ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదని ఆమె పట్టుదల. వాళ్ళలో మొలతాడు తెంపేది మనిషి పోయాకే మరి. నన్ను కట్టేటప్పుడు, "నువ్వు నాకు మూడు ముళ్ళేశావు కదా మావా, నావీ మూడే" అంటూ బిగించి మరీ ముడులు వేసింది.

పదకొండు నెలలు అతని ఒంటిమీదే ఉన్నాను. గునపానికి కాయ గుచ్చి ఒలిచేటప్పుడు అతని పొట్ట ఎలా బిగుసుకుంటుందో, ఎలా వదులవుతుందో నాకు తెలుసు. పోనుపోను మూడువందల కాయ దాటేసరికి ఆ బిగువు వదిలేది కాదు. గుండెమీద చెయ్యి పెట్టుకుని గోడకి ఆనుకునేవాడు. ఇంటికెళ్ళి మాత్రం "గ్యాసే" అనేవాడు. మన మగవాళ్ళకి గుండెనొప్పి రాదండి, గ్యాసే వస్తుంది. నాకు ఒళ్ళు మండేది. అంత దగ్గర ఉండి కూడా భూలక్ష్మికి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. చివరికి ఒకరోజు కొట్లోనే కూలబడ్డాడు. అప్పట్నించీ ఇంట్లోనే. రాజమండ్రిలో గుండె డాక్టరు చూసి, నాళాల్లో అడ్డు ఎక్కడుందో తెలియాలంటే లోపలికి గొట్టం పంపి యాంజియోగ్రామ్ చెయ్యాల్సిందే అన్నాడు.

ముందురోజు రాత్రి పది తర్వాత ఏమీ తినలేదు. పొద్దున్న ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉన్నారు. ఉంగరం, వాచీ తీయించారు. చేతికి సూది గుచ్చి ఉంచారు, కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. వెనకవైపు ముడేసుకునే ఆకుపచ్చ గౌను ఇచ్చారు. లుంగీ ఎగ్గట్టి ఊరంతా దర్జాగా తిరిగిన మనిషి, ఆ గౌను విచ్చుకోకుండా వెనక చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తుంటే జాలేసింది.

రూత్ సిస్టర్ వచ్చి మంచం పక్కన నిలబడింది. "చేతి నరం సన్నంగా ఉంది బాబాయ్, అందుకని తొడ దగ్గర్నించి చేస్తారు. అక్కడొక్క చోటే మత్తు సూది, మీరు మెలకువగానే ఉంటారు. గొట్టం లోపల తిరుగుతున్నా మీకు తెలీదు. రంగు మందు ఎక్కించేటప్పుడు మాత్రం ఒళ్ళంతా వేడెక్కిపోద్ది, ఒంటేలు పోసేసుకున్నామేమో అనిపిస్తది. పోసుకోరు, కంగారుపడకండి."

"నొప్పొస్తేనండీ?"

"వెంటనే చెప్పండి. నేను పక్కనే ఉంటాను."

ఆ తర్వాత తొడల దగ్గర గొరగడానికి తాతారావు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ అదే పని. గౌను పైకి జరపగానే నేను కనబడ్డాను. "ఇది ఉండకూడదమ్మా" అని కత్తెర తీశాడు.

భూలక్ష్మి అతని చెయ్యి పట్టేసుకుంది. "కత్తెర పెట్టకండి బాబూ. అది కొయ్యకూడదండి. నే విప్పుతాను."

"మాలోనూ అంతే చెల్లెమ్మా. విప్పు, ఆగుతాను."

విప్పితే రావాలి కదా. పదకొండు నెలల చెమట, కొబ్బరి పీచు దుమ్ము కలిసి ఆ మూడు ముళ్ళూ గులకరాయిలా గట్టిపడ్డాయి. గోళ్ళతో లాగింది. వంగి పంటితో పట్టింది. తాతారావు కిందికి జరిపి చూశాడు, తుంటి దగ్గర ఇరుక్కున్నాను. జబ్బుతో ఇంట్లో కూర్చుని పొట్ట పెంచాడు మహానుభావుడు. ఒక్కసారి వదులైపోదామని ఎంత అనుకున్నానో ఆ దేవుడికే తెలుసు. అనుకోవడం తప్ప తాడు చేసేదేముంది? ఆమె లాగినకొద్దీ ఇంకా బిగుసుకున్నాను.

"లోపల బల్ల ఖాళీ అయింది, డాక్టరుగారు అడుగుతున్నారు" అని రూత్ సిస్టర్ వచ్చింది. సరిగ్గా అప్పుడే సత్తిరాజు పొట్ట బిగుసుకుంది. ఆ బిగువు నాకు తెలుసు. వదల్లేదు. చల్లటి చెమట నామీదకి కారింది.

"కొంచెం గ్యాసు పట్టినట్టుందండి" అన్నాడు.

సిస్టర్ అతని మొహం ఒక్కసారి చూసింది. నాలిక కింద మాత్ర పెట్టి, "అమ్మా, ఇంక ఆగకూడదు" అంది.

తాతారావు మళ్ళీ కత్తెర ఎత్తాడు. భూలక్ష్మి చెయ్యి చాపింది. "మీరొద్దండి. ఇలా ఇవ్వండి."

ఆమె కళ్ళు మూసుకోలేదు. భర్త చూస్తూ ఉండగానే నన్ను కోసింది. నాకు నొప్పి లేదు. ఆమె మొహం చూడలేకపోయాను.

బండి లోపలికి వెళ్ళింది, తలుపులు పడ్డాయి. నేను ఆమె పిడికిట్లో ఉన్నాను. ముప్పావు గంట ఆ వరండాలో కూర్చుని, "పాపం నాది, ఆయన్నేం చెయ్యకు" అంటూనే ఉంది. దేవుడితోనేమో అనుకున్నాను. కాదు, నాతోనే. నేనేం చెయ్యగలను తల్లీ? కట్టి ఉన్నప్పుడు కాపాడింది లేదు, తెగాక చంపేదీ లేదు. ఆ మాట చెప్పడానికి నోరన్నా లేదు.

అతన్ని ప్రాణాలతో బయటికి తెచ్చారు. గజ్జ దగ్గర రక్తం కారకుండా ఇసక సంచి పెట్టి, ఆరు గంటలు కాలు మడవొద్దన్నారు, నీళ్ళు బాగా తాగమన్నారు. "బల్ల చల్లగా ఉందే. మిషను మొహం మీదకొచ్చింది. వేడి ఆ సిస్టరు చెప్పినట్టే వచ్చింది. నా గుండె టీవీలో చూశాను" అన్నాడు సత్తిరాజు. ఇంతలో డాక్టరు వచ్చి, మూడు నాళాల్లోనూ అడ్డుందని, స్టెంట్లతో అయ్యేది కాదని, గురువారం ఆపరేషన్ చేద్దామని చెప్పి వెళ్ళాడు.

తాతారావు గేటు ఎదుటి కొట్లోంచి కొత్త మొలతాడు తెచ్చిచ్చాడు. "వదులుగా కట్టు చెల్లెమ్మా, సిస్టరుగారు సరేనన్నారు."

ఆమె ఆత్రంగా అందుకుంది. సత్తిరాజు తల అడ్డంగా ఊపాడు. "వద్దే."

"బోసి నడుంతో ఉండకూడదు మావా."

"గురువారం మళ్ళీ కొయ్యాలంటారు. నేనే కోస్తానంటావు. ఇంకోసారి నీచేత ఆ పని చేయించలేను నేను."

భూలక్ష్మి కొత్త తాడు దిండు పక్కన పెట్టింది. పిడికిలి విప్పి, ఆ చెయ్యి అతని నడుము మీద, నేను ఒరుసుకున్న నల్లటి గుర్తు కనబడుతున్న చోట వేసింది. నేను జారి మంచం కింద పడ్డాను. ఆమె చూసుకోలేదు.

సాయంత్రం చీపురొచ్చి నన్ను ఊడ్చేదాకా అక్కడి నుంచే చూస్తూ ఉన్నాను. ఆమె చెయ్యి తియ్యలేదు.