కొక్కేనికి మిగిలిన బిళ్ళ

"యాకయ్యన్నా, జర ఆగు" అంటూ సండేస్కూలు టీచరు రాజ్‌కుమార్ అతన్ని చర్చి మెట్ల మీదే ఆపాడు. చేతిలో డోర్నకల్ నుంచి వచ్చే సంఘం పత్రిక. అందులో నెలనెలా యాకయ్య కథ వస్తుంది. భూమి అడుగున ఒక రాజ్యం, దారి తప్పినవాళ్లను వీపున మోసుకొచ్చే రెక్కల పాము.

"పాము సైతాను గుర్తు. నీ కథల్ల క్రీస్తు పేరు ఒక్కసారన్న లేదు. విశ్వాసం ఉన్నోడు రాసేదేనా గిది? క్రిస్మస్‌కు పిల్లలు నీ కథను నాటకం ఎయ్యరు. బంద్ చేయించిన."

మెట్ల మీద అందరూ విన్నారు. అట్టముక్కలతో రెక్కలు చేసుకుంటున్న పిల్లలూ విన్నారు. రాజ్‌కుమార్ కళ్లజోడు డబ్బాను అరచేతిలో టపటపా కొట్టుకుంటూ జవాబు కోసం చూశాడు.

"రాస్త" అన్నాడు యాకయ్య. అంతే.

భూపాలపల్లి బొగ్గుబాయిలో ఒళ్లు అరగదీసుకున్న మనిషి. చదివింది మూడో తరగతి. నోటితో కొట్లాడడం చేతకాదు.

కొత్త కథలో రాజ్యం వాకిట ఒక కావలివాడు పుట్టాడు. అరచేతిలో డబ్బా కొట్టుకుంటూ వచ్చినవాళ్లందరినీ "రాజు పేరు చెప్పు" అని గద్దించేవాడు. మసి మొహంతో రాజే వస్తే ఆయన్నీ వెళ్లగొట్టాడు. అప్పుడు నీళ్లు విరుచుకుపడ్డాయి. కావలివాడు చీకట్లో ఉండిపోయాడు.

భార్య సాలమ్మ చదివి పకపకా నవ్వింది. "డబ్బా చూస్తె అందరు గుర్తువడ్తరు. సచ్చిండా మరి?"

"లోపల్నే ఉన్నడు. ఉండనీ."

"బిళ్ళ?"

యాకయ్య తలెత్తాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ పైన కొక్కేనికి తన ఇత్తడి బిళ్ళ తగిలించి పోతాడు, పైకొచ్చి తీసుకుంటాడు. ఒక్క బిళ్ళ మిగిలినా వెతకాల్సిందే. అతని కథల్లోనూ అదే చట్టం.

"కొక్కేనికి ఒకని బిళ్ళ ఉండంగ ఎన్నడన్న ఇంటికొచ్చినవా?" అంది సాలమ్మ.

యాకయ్య పళ్లు కొరికాడు. వాణ్ణి పైకి తేవడానికి చెయ్యి రాలేదు. వదిలేయడానికి అసలే రాలేదు. ఎవరితో తెప్పించాలో తట్టినప్పుడు మాత్రం మీసాల కింద నవ్వు కదిలింది.

ఆదివారం, దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే నిలబడి చెప్పుకునే సాక్ష్యాల వేళ, యాకయ్య లేచాడు. జన్మలో సాక్ష్యం చెప్పని మనిషి లేచేసరికి తలలన్నీ అటు తిరిగాయి. సాక్ష్యం చెప్పేవాణ్ణి మధ్యలో ఆపే రివాజు ఆ సంఘంలో లేదు. ప్రతివారం అందరికన్నా పొడుగు సాక్ష్యం చెప్పే రాజ్‌కుమార్‌కు అది బాగా తెలుసు.

కాగితం విప్పి చదివాడు. కావలివాడు డబ్బా కొట్టగానే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజ్‌కుమార్ తన డబ్బాను జేబులోకి తోసేశాడు.

"కొక్కేనికి ఒక్క బిళ్ళ మిగిలింది. రాజు చూసి రెక్కల పామును పంపిండు. నువ్వు సైతానువి, నీ మీద ఎక్క అన్నడు కావలోడు. పాము ఏమనలే, పక్కకు పండుకున్నది. నీళ్లు మెడదాక వచ్చినయి. ఎక్కిండు. పిల్లలందరు చూస్తుండంగ, పాము మెడ గట్టిగ వాటేసుకొని పైకొచ్చిండు."

కాగితం మడిచాడు. "గిదే నా విశ్వాసం. అడిగినవ్ గద తమ్మీ."

పాస్టరు పాట ఎత్తుకునేలోపే ముందు వరుసలోంచి చిన్నపిల్ల చాందీ వెనక్కి తిరిగింది. "సార్, నాటకంల కావలోని యేషం మీరే ఎయ్యుండ్రి. డబ్బా మీకాడనే ఉంది గద!"

చర్చంతా గొల్లున నవ్వింది. "ఎయ్యుండ్రి, నాటకం ఎయ్యుండ్రి" అని గొణిగాడు రాజ్‌కుమార్, చెవులు ఎర్రబడుతుంటే.

యాకయ్య నవ్వలేదు. బైబిలు తెరిచి తల వంచుకున్నాడు. అది తలకిందులుగా ఉందని సాలమ్మ మోచేత్తో పొడిచేదాకా చదువుతున్నట్టే కూర్చున్నాడు.