నళిని దిద్దిన డైలాగు

ఆబిడ్స్‌లో మూడు రోజులుగా సినిమా షూటింగు. కెమెరాను సరిగ్గా నళిని కళ్లద్దాల దుకాణం మెట్ల ముందే పెట్టారు. చూపు పరీక్షకు వచ్చిన పెద్దాయనను తాడు కట్టి అవతలే ఆపేశారు. లోపల ఫోను మోగినా "సైలెన్స్!" అని అరుస్తున్నారు. నాన్న పోయాక పన్నెండేళ్లుగా దుకాణాన్ని నడుపుతున్న నళినికి, తన దుకాణంలో తానే గుసగుసలాడవలసి రావడంతో ఒళ్లు మండిపోతోంది.

అదొక నవ్వుల ప్రేమకథ. నాంపల్లి అమ్మాయి ఇంటి దుకాణం వదిలి బొంబాయిలో కొత్త ఉద్యోగానికి వెళుతుంది, అక్కడో అబ్బాయి తగులుతాడు. ఆ రోజు సీనులో హీరోయిన్ షట్టరు దించి, తమ్ముడి చేతిలో తాళాలు పెట్టి నవ్వుతూ అనాలి: "ఏందిరా గట్ల చూస్తున్నవ్‌రా, నాకు కొత్త జిందగీ దొరికిందిరా!"

పదకొండోసారి విన్నాక నళినికి ఓపిక నశించింది.

"నాంపల్లిల ఎవ్వరు గిట్ల మాట్లాడరు!" అని లోపలి నుంచే అరిచింది.

టేకు పాడైంది. అందరూ వెనక్కి తిరిగారు. గుంపులోంచి నలభై ఏళ్ల మనిషి ఒకడు మెట్లెక్కి వచ్చాడు.

"ఆ డైలాగు రాసింది నేనేనండీ. శశికిరణ్ అంటారు."

"మీది ఏ ఊరు?"

"హైదరాబాదేనండీ. మా తాతగారు ఉద్యోగం మీద బందరు నుంచి వచ్చారు. నేను చిక్కడపల్లిలోనే పుట్టాను."

"ఈడ పుట్టి గిట్ల రాసిన్రా?"

"ఇంట్లో ఈ యాస మాట్లాడితే మా అమ్మ ఊరుకునేది కాదండీ."

అంత కోపంలోనూ నళినికి ఆ జవాబు నిజమనిపించింది.

"ముందు గా నవ్వు తీసెయ్యిన్రి. ఇన్నేండ్లు కూసున్న దుకాన్ ఇడిశి నవ్వుకుంట పోతదా? తాళాలు చేతుల పట్టుకొని నిలవడ్తది. ఫ్యాన్ బంద్ చేసిన్నో లేదో అని మళ్ల లోపటికి పోతది. తమ్ముని మీద ఊకెనే అరుస్తది."

"తర్వాత ఏమంటుంది?"

నళిని షట్టరు వైపు చూసింది. "జర దుకాన్ చూస్కో, పోయొస్త. గంతే."

మార్చిన మాటలతో రెండో టేకుకే సీను ఓకే అయింది.

సాయంత్రం శశికిరణ్ మళ్లీ వచ్చాడు. ఇంకా సగం సినిమా తీయాలి, పది రోజులు తనతో కూర్చుని మిగతా డైలాగులు చూసిపెట్టమని అడిగాడు. కుదరదంది నళిని. అతను దుకాణం నంబరు రాసుకుని వెళ్లాక, అంత తొందరగా ఎందుకు కాదన్నానా అని తనమీద తనకే చిరాకేసింది. ఐదేళ్ల కిందట కళ్లద్దాల కంపెనీవాళ్లు పుణెలో ట్రైనింగుకు పిలిచినప్పుడూ ఇదే మాట అంది.

మర్నాడు శశికిరణ్ ఫోను చేశాడు. తమ్ముడు విజయేందర్ ఎత్తాడు.

"రాదు సార్. మా అక్కకు గివన్ని ఇష్టముండయి," అని పెట్టేశాడు.

నళిని చేతిలోని ఫ్రేమును బల్లమీద పెట్టింది.

"నాకేం ఇష్టమో నువ్వెట్ల చెప్తవ్‌రా?"

"నిన్న నువ్వే రానన్నవ్ గద!"

"నన్నడిగిండు, నేనన్న. నా తరఫున నువ్వెందుకు అంటున్నవ్?"

"నువ్వు పోతే కండ్ల టెస్ట్ ఎవరు చేస్తరు?"

"నేర్సుకోమని పన్నెండేండ్ల సంది చెప్తున్న. నేర్సుకున్నవా? పది రోజులు టెస్టుకొచ్చినోళ్లను నాలుగింటికి రమ్మను. పొద్దుగాల నాకు పనుంది."

 నళిని తనే ఆ నంబరుకు తిరిగి ఫోను చేసి, వస్తానని శశికిరణ్‌కు చెప్పింది.

లక్డీకాపూల్‌లో సినిమావాళ్లు తీసుకున్న హోటల్ గదిలో మొదటి రోజు మధ్యాహ్నం దాకా మూడు పేజీలే అయ్యాయి. ప్రతి మాటకూ పేచీయే. 'ఔ' అనాల్సిన చోట 'అవునండీ' ఉంది. పెళ్లి సీనులోనైతే తల్లి కొడుకుని మీరు అంటోంది. శశికిరణ్ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని మళ్లీ వాదించేవాడు. చాయ్ రెండుసార్లు చల్లారింది.

"మీకెప్పుడూ ఇంత కోపమేనా?" అన్నాడు చివరికి.

"తప్పు కనవడ్తెనే."

"అయితే నా స్క్రిప్టు నిండా మీకు పనే."

ఆమెకు నవ్వొచ్చింది. అది అతనికి కనబడకుండా సంచీ సర్దుకుంది.

"రేపు పదింటికి వస్తారా?"

"తొమ్మిదిన్నరకే వస్త. గా పెండ్లి సీను చూసినంక నాకైతే నిద్ర పట్టదు."