తెర మీద లేవని పిల్ల

ఆ పిల్ల నిజంగా చచ్చిపోయిందా ఏమిటి, సినిమావాళ్ల పిల్ల, పడుకోమంటే పడుకుని ఉంటుంది, పని అయిపోగానే లేచి మొహం కడుక్కుని ఇంటికి పోయి అన్నం తిని ఉంటుంది, కాబట్టి తను చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు, అనుకుంటూ కెంపమ్మ రేషను బియ్యంలోంచి ఏరిన రాయిని మళ్లీ బియ్యంలోకే వేసి, మంచి గింజనేమో అవతలికి విసిరింది, నడవలో గోడకానుకుని అత్త అక్కయమ్మ కూర్చుని ఉంది, కళ్లకి పొర కమ్మి మూడేళ్లయింది, కనబడకపోయినా చప్పుడు ఎటు వస్తే అటు తిరుగుతుంది ఆ తల, ఇప్పుడు చేట వైపు తిరిగి ఉంది, ఏమే, ఈ పొద్దు రాళ్లు శానా ఉండాయా, ఊరికూరికే నిలిపేస్తా ఉండావు, అంది, ఏం లేదత్తా, అంది కెంపమ్మ, ఏం లేకపోవడమేమిటి అని లోపల అనుకుంది, పక్కింటి సావిత్రమ్మ మధ్యాహ్నం ఆటకి టాకీసుకి పోతోంది, నిన్నటి హాలే, నిన్నటి బొమ్మే, దీపాలు పెట్టే వేళకి వచ్చేస్తుంది, వచ్చి ఈ అరుగు మీదే కూలబడుతుంది, చూసిన బొమ్మ కథంతా అత్తకి చెప్పకపోతే ఆమెకి కాఫీ దిగదు.

నిన్న పోకుండా ఉండాల్సింది, పోదాం పదవే అని అత్తే అంది, నూలు దుకాణానికి బయల్దేరుతున్న గోపాలప్ప గుమ్మంలో ఆగి నవ్వాడు, కండ్లు లేనామెకి బొమ్మేందమ్మా, టికెట్టు దండగ, అన్నాడు, నాకు లేకపోతే ఏమప్పా, కెంపికి ఉండాయి కదా, అని కొడుకు నోరు మూయించి అత్త చీర కుచ్చెళ్లు సర్దుకుంది, జట్కాలో పోతుంటే కొత్తగా పెళ్లయి ఆనేకల్ నుంచి వచ్చిన రోజులు గుర్తొచ్చాయి కెంపమ్మకి, పుట్టింట్లో ఉండగా ఆనేకల్లో సినిమా డేరా వేస్తే ఇసుకలో కూర్చుని బొరుగులు నములుతూ చూసేవాళ్లు, రీలు తెగిందంటే మగ్గాల వీధి పిల్లలంతా ఒకటే ఈలలు, ఇక్కడికి వచ్చాక పదేళ్లు అత్తతో ఉప్పు, చింతపండు, కట్టెలు, ఇంతకు మించి మాట ఉండేది కాదు, కళ్లు పోయాకే ఆమె తన భుజం పట్టుకుంది, చదివి వినిపించవే అంది, చూసి చెప్పవే అంది, నిన్నటిది హిందీ బొమ్మ, ఇద్దరికీ ముక్క అర్థం కాదు, చీకట్లో ఆడవాళ్ల బెంచీ మీద అత్త చెవి దగ్గర నోరు పెట్టి, ఇప్పుడు ఆమె గుర్రబ్బండి దిగిందత్తా, ఇప్పుడు తలుపు తెరిచాడత్తా, అంటే, చీర ఏం రంగే అని అడిగేది, బొమ్మలో రంగులుండవు కదత్తా అంటే, సుమ్నే చెప్పవే, ఊరికే ఏదో ఒకటి, అనేది, నెమలిపింఛం రంగు, అని చెప్పేది తను.

అట్లా చెప్పుకుంటూ పోతుంటే తెర మీది పిల్లకి జ్వరం వచ్చింది, రెండు జడల పిల్ల, బయట వాన, తల్లి తడిగుడ్డ పిండి నుదుట వేస్తోంది, కెంపమ్మ చెప్పడం ఆపింది, అత్తకి పోయిన కూతురి సంగతి మొగుడు ఒకే ఒక్కసారి చెప్పాడు, ప్లేగు వచ్చిన ఏడు ఊరు ఊరంతా బయట గుడిసెలు వేసుకున్నారట, అక్కడే పోయిందట మా అక్క నంజి, ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు, అమ్మ ముందర ఆ పేరెత్తద్దు, అన్నాడు, ఎవరూ ఎత్తరు, ఆమె కూడా ఎత్తదు, తెర మీద పిల్ల చెయ్యి మంచం మీంచి జారి వేలాడింది, అత్త వేళ్లు తన మణికట్టు పట్టుకున్నాయి, పాపకి ఎట్లుండాదే, అంది, కళ్ల ముందు ఆ వేలాడే చెయ్యి, నాలుక మీదికి మాత్రం వేరే మాట వచ్చింది, కండ్లు తెరిచిందత్తా, లేచి కూచుంది, వాళ్లమ్మ గంజి తాపిస్తోంది, అంది, తర్వాత, అంది అత్త, నిద్రపోయిందత్తా, చెమట పట్టి జ్వరం దిగింది, అని చెప్పేసింది.

మధ్యాహ్నం మద్రాసు నుంచి వచ్చే మాసపత్రిక తీసి, ఆగిన చోటు నుంచి సీరియల్ మొదలుపెట్టింది, చెప్పేస్తే పోతుంది, ఈ పేరా కాగానే చెప్పేస్తాను, లేదత్తా, ఆ పిల్ల బతకలేదు అని, కానీ అంటే ఏమవుతుంది, ఒకటి అబద్ధమైతే మూడేళ్లుగా చదివిందీ చూసిందీ అన్నీ అబద్ధాలే అనుకోదా, మళ్లీ ఉప్పు, చింతపండు, కట్టెలే మిగులుతాయి, చదివిన వాక్యమే రెండోసారి చదివింది, నీ గొంతు ఈడ లేదే, యాడో ఉండాది, చాలు పక్కన పెట్టు, అంది అత్త, పెట్టింది, లేచింది, వీధి మొగదాకా పోయి సావిత్రమ్మని అక్కడే ఆపుదామా అనుకుంది, ఆపి ఏమనాలి, చెప్పులు కూడా వేసుకుంది, మళ్లీ విప్పేసింది, దీపం గాజు చిమ్నీ తుడవడం మొదలుపెట్టింది, అప్పుడే జట్కా ఆగిన చప్పుడు.

అయ్యో పెద్దమ్మా, ఏం బొమ్మ, ఏం బొమ్మ, అంటూ సావిత్రమ్మ అరుగు మీద కూలబడింది, కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, ఆ పాప సచ్చిపోతుంటే ఏడ్చి ఏడ్చి నా కొంగంతా తడిసిపోయింది, మీరు కూడా నిన్న చూసిండారు కదా, అంది, కెంపమ్మ దీపం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది, సచ్చిపోయేదేంది సావిత్రీ, మా కెంపి చూసిండాది, పాప లేచి కూచుండాది, గంజి తాగిండాది, అంది అత్త తాపీగా, లేదు పెద్దమ్మా, పాడె మీద కూడా, అని సావిత్రమ్మ అనబోతే, నువ్వు ఏడ్చుకుంటా సరిగ్గా చూసి ఉండవులే, అని కొట్టిపారేసింది, సావిత్రమ్మ తల తిప్పి కెంపమ్మ మొహం చూసింది, అవునక్కా, లేచింది, అంది కెంపమ్మ, సావిత్రమ్మ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమో తల్లీ, ఇంట్లో పొయ్యి వెలిగించాల, అని లేచి వెళ్లిపోయింది.

అత్త ఎవరితోనో అన్నట్టు, మా నంజి గంజంటే మొగం తిప్పుకొంటా ఉన్నింది, బెల్లం ఏస్తేనే తాగేది, అంది, ఆ పేరు ఆ నోట వినడం అదే మొదలు, కెంపమ్మ దీపాన్ని గూట్లో పెట్టి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది, నిన్న హాల్లో వెనక బెంచీలో ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు, ముందు బెంచీలో ముక్కులు చీదారు, ఒక ముసలామె అయ్యో కూసా, అయ్యో బిడ్డా అని పైకే అనేసింది, చేటలో బియ్యం ఆగితే పసిగట్టే మనిషికి అదంతా వినబడలేదా, వినబడింది, అంతా వినబడే తన మణికట్టు పట్టుకుంది, అంతా తెలిసే, తర్వాత, అని అడిగింది.